ఆగిన బండి, ఆగిన చోటే చెబుతుంది



ఎండలు ముదిరిన దగ్గర్నుంచి మీలో చాలామంది నన్ను ఒకే మాట అడుగుతున్నారు. "అయ్యగారు, కారు నడుస్తుండంగనే బంద్ అయితంది. మళ్ళ సెల్ఫ్ కొడితే పట్టుకుంటలేదు. ఏమై ఉంటది?" జనగామ నుంచి అడిగారు, మహబూబాబాద్ నుంచి అడిగారు, భూపాలపల్లి వైపు నుంచి అయితే వారానికొక ఫోన్ వస్తోంది. పరిచర్యలోకి రాకముందు నేను జనగామలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డులో మూడేళ్ళు పనిచేశానని మీకు తెలుసు కాబట్టే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో సగం సగం చెప్పేకంటే ఇక్కడ రాస్తే ఇంట్లో నలుగురూ చదువుకుంటారు.

ఇది చిన్న విషయం కాదు. మన ఊళ్ళలో కారు షోకు కోసం కొన్నవాళ్ళు తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక్క కారు ఒక వాడకట్టు మొత్తానికి ఆధారం. నొప్పులొచ్చిన ఆడబిడ్డ దాంట్లోనే పోవాలి, పరీక్ష రాసే పిల్లవాడు దాంట్లోనే పోవాలి, వరంగల్ ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళు దాంట్లోనే పోవాలి. అది నడిరోడ్డు మీద ఆగిపోయి, రెండుసార్లు మెకానిక్ చేతికి వెళ్ళి వచ్చి, మూడోసారి మళ్ళీ ఆగితే, ఆ ఇంట్లో డబ్బుతో పాటు ధైర్యం కూడా పోతుంది.

ముందు ప్రాణం సంగతి చెప్పి, తర్వాత ఇంజన్ సంగతికి వస్తాను.

కారు నడుస్తుండగా ఇంజన్ ఆగిందంటే రెండు మార్పులు వెంటనే తెలుస్తాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. స్టీరింగ్ తిరుగుతుంది, కాస్త బలం పెట్టాలి అంతే. బ్రేకుకు ఇంజన్ ఇచ్చే సాయం ఒకటి రెండుసార్లు నొక్కేదాకా మిగిలి ఉంటుంది. అందుకని పెడల్‌ను టకటకా కొట్టకండి, ఒక్కసారే నిదానంగా, గట్టిగా నొక్కి పట్టండి. బండి దొర్లుతుండగా తాళంచెవి పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. గేర్ న్యూట్రల్ చేసి, ఉన్న ఊపుతోనే రోడ్డు దిగండి. నాలుగు ఇండికేటర్లూ వేయండి. మనుషుల్ని దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. త్రికోణం బోర్డు ఉంటే యాభై మీటర్లు వెనక పెట్టండి.

బోర్డు లేనివాళ్ళు మన దగ్గర రాళ్ళు, చెట్టు కొమ్మలు పెడతారు. అవసరానికి పెట్టండి, తప్పు లేదు. బండి తీసుకుని వెళ్ళేటప్పుడు మాత్రం ఆ రాళ్ళు తీసి పక్కన పడేయండి. మీ కష్టం తీరింది కదా అని వదిలేసిన రాయి, రాత్రిపూట వచ్చే బైకు వాడి కింద పడుతుంది.

జాతీయ రహదారి మీద ఆగితే 1033కి ఫోన్ చేయవచ్చు. జనగామ మీదుగా హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్ళే 163వ నంబరు రహదారి అలాంటిదే. లోపల రోగి ఉంటే మెకానిక్ కోసం ఎదురుచూడవద్దు, ముందు 108కి చేయండి. బండి సంగతి తర్వాత.

రైలు గేటు మీద ఆగితే? మన జనగామకూ మహబూబాబాద్‌కూ రెంటికీ రైలు మార్గం ఉంది, ఈ ప్రశ్న ఊరికే వేయడం లేదు. ముందు అందరూ దిగి పట్టాలకు దూరం జరగాలి, గేట్‌మన్‌కు చెప్పాలి. మాన్యువల్ గేర్ బండి అయితే, రైలు వచ్చే సూచన లేకపోతే, పాత డ్రైవర్లు చేసే పని ఒకటుంది. మొదటి గేర్‌లో పెట్టి, క్లచ్ వదిలేసి, సెల్ఫ్ కొడితే స్టార్టర్ మోటార్ బలంతోనే బండి కొద్ది గజాలు పాకుతుంది. క్లచ్ తొక్కితే గానీ సెల్ఫ్ పడని కొత్త కార్లలో ఇది పనిచేయదు. రైలు కనిపిస్తే బండిని వదిలేయండి.

ఇప్పుడు ఇంజన్.

షెడ్డులో మా ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. బండి తెచ్చినవాళ్ళు "ఇది పనిచేస్తలేదు, అది పనిచేస్తలేదు" అని చెబుతుంటే చేయి అడ్డం పెట్టేవాడు. "పనిచేయనిది నాకు కనిపిస్తనే ఉంది. ఇంకా ఏమేం పనిచేస్తన్నయో అది చెప్పు ముందు" అనేవాడు. ఆ ఒక్క మాట నాకు పదిహేను పుస్తకాల పెట్టు. ఆగిన బండిలో పాడైంది ఒక్కటే ఉంటుంది. మిగతావన్నీ బాగానే ఉంటాయి. బాగున్నవాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ పోతే చివరికి మిగిలేది అదే.

కాబట్టి బండి ఆగిన చోటే, షెడ్డుకు లాగకముందే, ఈ వరుసలో చూడండి.

మొదటిది, తాళంచెవి తిప్పగానే డాష్‌బోర్డు మీద లైట్లు వెలుగుతున్నాయా? అసలేవీ రాకపోతే బ్యాటరీ వైర్ల బిగింపు, పెద్ద ఫ్యూజు చూడాలి. లైట్లు వచ్చి, సెల్ఫ్ కొడితే టిక్ టిక్ మని మసకబారితే బ్యాటరీలో కరెంటు లేదు. కానీ నడుస్తున్న బండిలో బ్యాటరీ ఎందుకు ఖాళీ అయింది? ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయకపోతే అవుతుంది. ఆగకముందు బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగిందా, హెడ్‌లైట్లు నీరసించాయా గుర్తు తెచ్చుకోండి. బాగున్న బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది, ఇంజన్ నడిచేటప్పుడు 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. ఈ రెండో కొలత చూడకుండా బ్యాటరీ మార్చినవాళ్ళు కొత్త బ్యాటరీతో మళ్ళీ అదే రోడ్డు మీద ఆగుతారు.

రెండోది, సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం పట్టుకోవడం లేదు. అంటే బ్యాటరీ, స్టార్టర్ బాగున్నాయి. వాటి జోలికి పోకండి. అయితే సెల్ఫ్ శబ్దం వినండి. రోజూ ఉండే బరువు లేకుండా సర్రున, ఖాళీగా తిరుగుతున్నట్టు ఉంటే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. ఇంకొక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకండి, లోపల వాల్వులు దెబ్బతింటాయి. వేడి ముల్లు ఎర్ర గీత దాటి ఉంటే అప్పుడు కూడా ఆపేయండి, రేడియేటర్ మూత తీయకండి.

మూడోది, పెట్రోల్ కారు అయితే తాళంచెవి ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. చాలా కార్లలో రెండు సెకన్ల పాటు జుయ్‌మని పంపు శబ్దం వస్తుంది. వస్తే పంపు తిరుగుతోంది. రాకపోతే పంపు ఫ్యూజు, రిలే, ఎలుకలు కొరికిన వైరు, చివరికి పంపు. ఈ వరుసలోనే, ఎందుకంటే ఫ్యూజు పది రూపాయలు, పంపు వేలు. ట్యాంకు ముల్లును కూడా గుడ్డిగా నమ్మకండి, అది అబద్ధం చెప్పిన రోజులు నేను చూశాను.

నాలుగోది, ఎవరూ చూడనిది. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు ఆర్‌పీఎం ముల్లును చూడండి. చాలా కార్లలో అది కొద్దిగా లేస్తుంది. బండి చుట్లు తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గర నుంచి కదలకపోతే, ఇంజన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు తెలియడం లేదన్నమాట. ఆ సంగతి చెప్పేది క్రాంక్ సెన్సార్. అది చెప్పకపోతే కంప్యూటర్ స్పార్క్ ఇవ్వదు, పెట్రోల్ ఇవ్వదు. అన్నీ బాగుండి కూడా బండి చచ్చినట్టు పడి ఉంటుంది.

ఈ నాలుగోదే మన సంఘంలోని ఒక తమ్ముడిని రెండు నెలలు ఏడిపించింది.

అతను రేగొండ దగ్గర ఉంటాడు. పదేళ్ళు దాటిన చిన్న పెట్రోల్ కారు కిరాయికి తిప్పుతాడు. వారానికి రెండుసార్లు ఒక పెద్దమ్మను డయాలసిస్‌కు పరకాల మీదుగా వరంగల్ తీసుకెళ్తాడు. పొద్దున పోయేటప్పుడు ఏమీ కాదు. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు, బొగ్గు లారీల వెనక మెల్లగా వస్తుంటే, గంట నడిచాక బండి టప్పున ఆగేది. అరగంట చెట్టుకింద కూర్చుంటే మళ్ళీ ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది. డయాలసిస్ చేయించుకుని, నీరసంతో, కాళ్ళు పీకుతూ ఆ పెద్దమ్మ రోడ్డు పక్కన తుండుగుడ్డ పరుచుకుని పడుకునేది.

షెడ్డుకు తీసుకెళ్తే ఎప్పుడూ స్టార్టయ్యేది. అక్కడికి పోయేసరికి చల్లబడి ఉండేది కదా! ఒకచోట బ్యాటరీ మార్చారు. ఇంకోచోట పంపు మార్చారు. ప్రతిసారీ సాయంత్రం చల్లపూట ఒక రౌండు కొట్టి "బాగైంది" అన్నారు. పన్నెండు వేలు పోయాయి. చివరికి అతను మందిరం బయట నిలబడి అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

"అయ్యగారు, అమ్ముకుందామనుకుంటన్న. కానీ గా పెద్దమ్మను ఎవలు తోల్కపోతరు?"

ఆ శుక్రవారం నేనూ వాళ్ళతో బండి ఎక్కాను. ఏమీ విప్పలేదు. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎన్ని గంటలకు బయల్దేరాం, ఏసీ ఎప్పుడు వేశాం, వేడి ముల్లు ఎక్కడుంది, అంతా రాసుకున్నాను. తిరుగు ప్రయాణంలో పరకాల దాటాక బండి ఆగింది. నిజం చెప్పాలంటే, ఆగినందుకు సంతోషపడింది ఆ రోజు ఒక్కటే. పెద్దమ్మను వెనకాలే వచ్చిన తెలిసినవాళ్ళ బండిలో ఇంటికి పంపి, మేమిద్దరం మిగిలాం.

లైట్లు ఉన్నాయి. సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది. పంపు రెండు సెకన్లు జుయ్‌మంది. ఆర్‌పీఎం ముల్లు మాత్రం సున్నా మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అంతే. బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కన సెన్సార్ ఉన్న చోటు చూసుకుని, తాగేనీళ్ళతో గుడ్డ తడిపి దానిమీద వేశాను. బెల్టులకూ ఫ్యాన్‌కూ తగలకుండా, తాళంచెవి తీసేసి మరీ. ఐదు నిమిషాల తర్వాత సెల్ఫ్ కొట్టమన్నాను. ముల్లు లేచింది, ఇంజన్ అందుకుంది. రోజూ అరగంట పట్టేది ఐదు నిమిషాల్లో అయిందంటే, చల్లబడాల్సింది ఏదో తెలిసిపోయింది.

ఎందుకిలా? చాలా కార్లలో ఆ సెన్సార్ లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ ఉంటాయి. ఏళ్ళు గడిచాక తీగలో ఎక్కడో పగులు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పగిలిన కొసలు తగులుతూనే ఉంటాయి. వేడికి వ్యాకోచిస్తే విడిపోతాయి. మళ్ళీ చల్లబడితే కలుస్తాయి. అందుకే చల్లటి షెడ్డులో ఏ మీటరు పెట్టినా బాగున్నట్టే చూపిస్తుంది. మర్నాడు సెన్సార్ మార్చారు, దాంతో పాటు వేడికి ఎండిపోయిన కనెక్టర్ కూడా. అప్పటిదాకా పోసిన డబ్బులో ఐదోవంతు కూడా కాలేదు. ఆ తర్వాత కూడా "బాగైంది" అని మేము వెంటనే అనలేదు. అదే ఎండలో, అదే రోడ్డు మీద, అదే లారీల వెనక నాలుగు ప్రయాణాలు చేశాకే అన్నాం.

అయితే ఇది చదివి అందరూ సెన్సార్ కొనడానికి పరుగెత్తకండి. వేడెక్కితే ఆగే గుణం పంపుకు కూడా ఉంటుంది, ఇగ్నిషన్ కాయిల్‌కు కూడా ఉంటుంది, రిలేకు కూడా ఉంటుంది. పంపుల సంగతి కంపెనీలే బయటపెట్టిన సందర్భాలున్నాయి. 2021 ఏప్రిల్‌లో హోండా కంపెనీ మన దేశంలో 77,954 కార్లను, 2024 మార్చిలో మారుతి సుజుకి 11,851 బలెనో, 4,190 వ్యాగనార్ కార్లను పంపు భాగాల కోసం వెనక్కి పిలిచాయి. వాటివల్ల ఇంజన్ మధ్యలో ఆగవచ్చు, స్టార్ట్ కాకపోవచ్చు అని వాళ్ళే చెప్పారు. అలాంటి పిలుపులో మీ బండి ఉంటే భాగం ఉచితంగా మారుస్తారు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకు ఆ ఉత్తరం పాత యజమాని ఇంటికి పోయి ఉంటుంది, కాబట్టి మీరే అడగాలి.

తాళంచెవుల గుత్తి కూడా చూసుకోండి. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లలో స్విచ్ బలహీనంగా ఉండి, కుదుపుకో, గుత్తి బరువుకో తాళంచెవి జారి నడుస్తున్న ఇంజన్ ఆగిపోయేది. 2014లో ఆ స్విచ్ కోసం దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. 124 మంది మరణాలకు ఆ లోపంతో సంబంధం ఉందని పరిహారం ఇచ్చారు. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, మందిరం తాళాలు అన్నీ కారు తాళానికే వేలాడదీసే మనకు ఇది గుర్తుండాలి.

డీజిల్ బండ్ల వాళ్ళకు స్పార్క్ గొడవ లేదు. మహబూబాబాద్ వైపు ట్రాక్టర్ నడిపే ప్రతి రైతుకూ తెలుసు, డీజిల్ అయిపోయేదాకా నడిపితే ఎయిర్ పడుతుంది. మళ్ళీ డీజిల్ పోసినా ఎయిర్ తీస్తే గానీ పట్టుకోదు. కారైనా అంతే. పైపు చిన్నగా పగిలినా గాలి లాగుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు ఉన్నప్పుడు ముందు బలం తగ్గి, తర్వాత ఆగుతుంది. ఫిల్టర్ కింద నీళ్ళు చేరితే వదలాలి.

నీళ్ళంటే ఇంకో మాట చెప్పకుండా ముగించలేను. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగితే హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2024 సెప్టెంబర్ 1న మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి తండ్రీ కూతురూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పారే వాగులోకి బండి దించకండి, ఎంత తెలిసిన రోడ్డయినా సరే. నిలిచిన నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. గాలి పోవలసిన దారిలో నీళ్ళు పోయి ఉంటే, నీళ్ళు గాలిలా అణగవు, లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా ఆరబెడితే బాగయ్యే ఇంజన్ ఒక్క సెల్ఫ్‌తో తుక్కవుతుంది. దిగి గట్టుకు చేరండి.

తోసి స్టార్ట్ చేయడం గురించి కూడా అడుగుతారు. బ్యాటరీ తక్కువైతేనే దానివల్ల లాభం. సెల్ఫ్ బాగా తిరుగుతున్న బండిని ఎంతమంది తోసినా ఫలితం ఉండదు.

ఇక మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు "ఆగిపోతుంది" అని ఒక్కమాట చెప్పి ఊరుకోకండి. ఎంతసేపు నడిచాక ఆగింది, కుదుపులతో ఆగిందా ఒక్కసారే ఆగిందా, ఏ లైటు వెలిగింది, సెల్ఫ్ తిరిగిందా, పంపు శబ్దం వచ్చిందా, ముల్లు లేచిందా, ఎంతసేపటికి మళ్ళీ పట్టుకుంది, ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. 2013 తర్వాతి చాలా కార్లలో స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే చోటు ఉంటుంది. ఏదైనా మార్చకముందు స్కాన్ చేయమనండి, బ్యాటరీ వైరు తీయకముందే చేయమనండి, ఎందుకంటే వైరు తీస్తే లోపల రాసుకున్న తప్పుల లెక్క చెరిగిపోవచ్చు. పి0335 అని వస్తే క్రాంక్ సెన్సార్ దారి చూడాలి. అది కూడా సెన్సార్ పోయిందన్న తీర్పు కాదు, దాని వైరు తెగినా అదే నంబరు వస్తుంది.

మెకానిక్‌లను తప్పుపట్టడానికి ఇదంతా రాయలేదు. వాళ్ళ ముందుకు వచ్చేసరికి బండి బాగుంటుంది. బాగున్నదాంట్లో జబ్బు వెతకమంటే ఎవరైనా ఊహించాల్సిందే.

పరిచర్యలో కూడా నేను ఇది చూస్తూనే ఉన్నాను. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని వచ్చి "బాగున్నాం అయ్యగారు" అనే మనిషి నిజంగానే ఆ పూట బాగుంటాడు. అప్పులవాడు ఇంటి ముందు నిలబడే పూట ఉంటుంది, తాగి వచ్చిన కొడుకు తలుపు తన్నే రాత్రి ఉంటుంది, పంట ఎండిన మధ్యాహ్నం ఉంటుంది. ఆ వేళకు పక్కన ఉన్నవాళ్ళకే అసలు సంగతి తెలుస్తుంది. ఏదో ఒక సలహా ఇచ్చి పంపేయడం సులువు. వాళ్ళ వేళకు వాళ్ళతో బండెక్కి కూర్చోవడం కష్టం. మీ వాడకట్టులో అలాంటి ఇల్లు ఏదో మీకు నాకంటే బాగా తెలుసు.

ఆ పెద్దమ్మ ఇప్పుడు మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇంటికి చేరుతోంది. ఈ వారం మీ బండిలో ఒక త్రికోణం బోర్డు, ఒక టార్చి, రెండు సీసాల నీళ్ళు, ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. దారిలో ఆగిన బండి ఏదైనా కనిపిస్తే, వేగం తగ్గించి, లోపల రోగి ఉన్నారేమో అడిగి పోండి.

ప్రయాణాల్లో ఉన్న మీ అందరికీ క్షేమం కలుగుగాక.